అరవయ్యో గుండు

పటాకులు కాలుస్తుంటే మా బాపు వాటికి వీపు తిప్పి కూర్చుంటాడన్న సంగతి నాకు ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా తెలియదు. సద్దుల బతుకమ్మ సాయంత్రం భూపాలపల్లి చెరువు కట్ట మీద తెలిసింది. ఊరు ఊరంతా తల పైకెత్తి చూస్తుంటే ఆయనొక్కడు చెప్పులు విడిచి, నీళ్ళకేసి వీపు పెట్టి గొంతుక్కూర్చున్నాడు. కుడి అరచెయ్యి మట్టి మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అసలే షుగరు మనిషి, కళ్ళు తిరిగాయేమోనని జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాను.

"బాపు, ఏమైంది?"

కళ్ళు తెరవలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. చివరిది పేలి, పొగ నీళ్ళ మీదికి దిగాక తీరిగ్గా లేచి, పంచె దులుపుకుని, "నలభై. అన్ని పోయినయ్. పోండ్రి" అన్నాడు పటాకుల కాంట్రాక్టరు నగేశ్‌తో. అప్పుడు నగేశ్ మనుషులు కదిలారు.

బాపు పేరు యాకయ్య. బొగ్గుబాయిలో ఇరవై ఆరేళ్ళు షాట్‌ఫైరర్. బొగ్గు గోడకు వేసిన రంధ్రాల్లో మందు కూరి, తీగలు కలిపి, మనుషులందరినీ మలుపు దాటించి, మీట తిప్పి పేల్చేవాడిని అలా అంటారు. ఎన్ని కూరాడో అన్నీ పేలాయని ఆయన చెప్పాకే మిగతావాళ్ళు లోపలికి పోవాలి. ఒక్కటి పేలకుండా మిగిలినా అది ఎవరి పారకో తగులుతుంది. నిరుడు రిటైరయ్యాడు. అప్పట్నుంచి మంచం, ఎదురుగా మూడిళ్ళకు వినపడే టీవీ, అంతే. "మా ఇంట్ల మాట్లాడేది గా టీవీ ఒక్కటే. మనిషిని పది మాట్లడిగితే ఒక్కదానికి పలుకుతడు" అని మా అవ్వ, నా కన్నతల్లి కట్టమ్మ, వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

దసరాకు పది రోజుల ముందు నగేశ్ వచ్చాడు. జనగామ మనిషి. పండుగలకు, పెళ్ళిళ్ళకు చెరువుల దగ్గర పటాకులు కాల్చే కాంట్రాక్టు చేస్తాడు. గొట్టాల్లో గుండ్లు పెట్టి, తీగలతో ముట్టించి ఆకాశంలో పేలుస్తాడు.

"కాకా, తీగలు నువ్వు సూడు. గుండ్లన్ని పోయినయా లేవా లెక్క నువ్వు జెప్పు. నువ్వు పొమ్మన్నంకనే నా మనుషులు గొట్టాల దగ్గరికి పోతరు" అన్నాడు.

ఆ మర్నాడే బాపు గడ్డం గీయించుకున్నాడు. పాత టార్చిలైటు దులిపి, సెల్లు మార్చుకున్నాడు. టీవీ ఆగింది. కార్తీక పున్నమి దాకా సీజనట, బాగుంటే శివరాత్రి జాతరలకు కూడా ఉంటుందట. ఆ పని ఆయనకు నిలవాలని ఇంటిల్లిపాదీ కోరుకున్నాం. అది పోతే మళ్ళీ మంచమెక్కుతాడు, ఈసారి దిగడు. ఆ మాట పైకి ఎవరం అనుకోలేదు గానీ అందరి మనసులోనూ ఉంది.

"షుగరు గోలీలు మరుస్తడు. ఎంట నువ్వు పో" అని అవ్వ నన్ను పురమాయించింది. నేను మీసేవలో పనిచేస్తాను, అయిదు దాటితే ఖాళీ. అవ్వ చెప్పకపోయినా పోయేదాన్నే. నాకు ఆరా ఎక్కువ. "పక్కింట్ల పోపు వెట్టినా ఎందుకు వెట్టిన్రో కనుక్కొని వస్తది" అని మా ఆయన తిరుపతి ఎగతాళి చేస్తాడు. తిరుపతిదీ బాయి పనే. మా కాపురం బాపు ఇంటికి పక్క సందులోనే. బాపు రిటైరయ్యేదాకా ఆయన షిఫ్టులోనే ఉన్నాడు.

బతుకమ్మ రోజు స్కూటీ మీద ఇంటికి వస్తూ అడిగాను, ఎందుకు వెనక్కి తిరిగి కూర్చున్నావని. జవాబు లేదు. గాలికి వినపడలేదనుకున్నాను. అన్నాల దగ్గర ఎదురుగా కూర్చుని మళ్ళీ అడిగాను.

"బాయిల పేలంగ ఎవడన్న సూస్తడా? మలుపు అవుతల నిలవడ్తం. సూసినోడు బతుకడు" అన్నాడు.

"అంటే ఇరవై ఆరేండ్లు పేల్చినవ్ గని ఒక్కటి సూడలేదా?"

"సూడలే."

ఎన్ని వేలు పేల్చి ఉంటాడు! పేలుడు ఏ రంగులో ఉంటుందో కూడా చూడని మనిషి.

"గిది బాయి కాదు గద. జర తిరిగి సూడరాదు?"

"కండ్లు మోసం జేస్తయ్ బిడ్డా. గుండు పైకి వోయి నాలుగు పువ్వులు ఇడుస్తది, నాలుగు గుండ్లనుకుంటం. గొట్టంల నుంచి ఎల్లేటప్పుడు కింద దబ్బుమంటది సూడు, లెక్క గదే."

"మరి చెయ్యి నేలకు ఎందుకు ఆనిస్తవ్?"

ఆయన కంచంలోకి చూస్తూ పచ్చిపులుసు పోసుకున్నాడు. "గంగమ్మకు మొక్కుతడేమో, తిననియ్యరాదే" అని అవ్వ నన్నే కసిరింది.

దసరాకు రేగొండ వైపు ఒక ఊరి చెరువు దగ్గర కాల్చినప్పుడు నేనూ ఆయన పక్కనే వీపు తిప్పి కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే అది వేరే సంగతి. ముందు కింద దబ్బుమంటుంది. తర్వాత ఈలలాంటి సాగుడు. పైన పేలుడు. ఆ తర్వాత అవతలి గట్టుకు తగిలి, నీళ్ళ మీదుగా అదే పేలుడు ఇంకోసారి వస్తుంది. కొత్తవాళ్ళు దాన్ని కూడా కలిపేసుకుంటారు. నేనూ కలిపేసుకుని, యాభై గుండ్లకు డెబ్బై మూడు లెక్క తేల్చాను. బాపు పకపకా నవ్వాడు. ఆయన నవ్వు విని ఏడాది దాటింది. దీపావళికల్లా నా లెక్క, ఆయన లెక్క ఒక్కటయ్యాయి. "బాయిలైతే నిన్ను వెట్టుకుందురు" అన్నాడు. ఎంత పొంగిపోయానో చెప్పలేను. డిగ్రీ పాసైనప్పుడు కూడా ఆయన అంత మాట అనలేదు.

దీపావళి తర్వాత జనగామ దగ్గర పెళ్ళి. ఫంక్షన్ హాలు వెనకాల కుంట, కుంట గట్టున గొట్టాలు. బాపు వంగి తీగలు చూస్తున్నాడు. నేను వెనక నిలబడి చాయ్ తాగుతావా అని అడిగాను. పలకలేదు. మళ్ళీ అడిగాను. మూడోసారి గట్టిగానే అరిచాను, పది గజాల దూరంలో ఉన్న వంటవాళ్ళు తిరిగి చూశారు గానీ ఆయన తిరగలేదు. పని అయ్యాక లేచి నా వైపు తిరిగాడు.

అప్పుడు నాకేం బుద్ధి పుట్టిందో, గొంతు పెగల్చకుండా పెదాలు మాత్రం ఆడించాను. చాయ్ తాగుతవా?

"సక్కెర లేకుంట తెమ్మను" అన్నాడు.

టీవీ అంత గట్టిగా ఎందుకు పెడతాడో, అవ్వ వంటింట్లోంచి అడిగితే ఎందుకు పలకడో, స్కూటీ మీద ఎందుకు జవాబియ్యడో అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. ఈ మనిషికి చెవులు లేవు. మరి లెక్క ఎట్లా పెడుతున్నాడు?

ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, ఆయన చేసినట్టే అరచెయ్యి నేలకు ఆనించాను. గుండు గొట్టం విడిచినప్పుడల్లా నేల చిన్నగా చేతిని తంతోంది. ఒకటి. రెండు. మూడు. చెవులు మూసుకుని చూశాను, అయినా తెలుస్తోంది. గంగమ్మకు మొక్కు కాదు, లెక్కంతా ఆ చేతిలోనే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. నగేశ్‌కు చెబితే పని పోతుంది. తిరుపతికి చెబితే అవ్వ దాకా పోతుంది. చెయ్యి లెక్క ఒక్కసారీ తప్పలేదు కదా, పక్కన నేను కూడా లెక్కపెడుతున్నాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కార్తీక పున్నమికి జఫర్‌గఢ్ అవతల ఒక ఊరి చెరువు. ఆడవాళ్ళు దీపాలు వదులుతారు, అంతకుముందు అరవై గుండ్లు కాల్చాలి. మేం పోయేసరికి గొట్టాలు కట్ట మీద లేవు. నగేశ్ మనుషులు ప్లాస్టిక్ డ్రమ్ముల మీద పలకలు కొట్టి పెద్ద తెప్ప కట్టారు, అరవై గొట్టాలూ దాని మీద బిగించి చెరువు నడుమ నిలిపారు. ముగింపుకని ఇంకో పది మాత్రం కట్ట కింద నేల మీద ఉన్నాయి. ఒడ్డు నుంచి తీగలు గుంజారు. అట్లా అయితే నీళ్ళలో కూడా కాలుతున్నట్టు కనపడుతుందని, డ్రోన్‌తో వీడియో తీస్తామని ఊరివాళ్ళు అడిగారట.

"నీళ్ళ మీద వద్దు. నేల మీద పెట్టుండ్రి" అన్నాడు బాపు.

"ఎందుకు కాకా?"

"తీగలు తడుస్తయ్."

"గట్టిగ చుట్టిచ్చిన. నువ్వే సూడు."

బాపు తీగలన్నీ చూశాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. మళ్ళీ అన్నాడు, "నేల మీదైతె మంచిగుంటది నగేశ్." నగేశ్ నవ్వి, కాకకు చాదస్తం పెరిగిందన్నట్టు నాకేసి చూశాడు. ఎందుకు వద్దంటున్నాడో తెలిసిన మనిషిని ఆ కట్ట మీద నేనొక్కదాన్నే. నోరు విప్పలేదు.

ఏడింటికి మొదలుపెట్టారు. బాపు చెప్పులు విడిచి, వీపు తిప్పి కూర్చుని చెయ్యి నేలకు ఆనించాడు. నేను కళ్ళు మూసుకున్నాను. పది దాకా బాగానే ఉంది. ఒక్కసారి కళ్ళు తెరిచి ఆయన్ను చూశాను. చెయ్యి మట్టి మీద అటూ ఇటూ జరుపుతున్నాడు. వేళ్ళు నొక్కుతున్నాడు. రెండో చెయ్యి కూడా ఆనించాడు. నడుమ అన్ని నీళ్ళుంటే నేల ఏం చెబుతుంది? నాకు ఏడుపొచ్చింది, లెక్క పోతుందని ఆపుకున్నాను.

యాభై ఏడు. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది.

నేను ఎదురుచూశాను. జనం చప్పట్లు కొట్టారు. అవతలి గట్టు నుంచి చివరి పేలుడు తిరిగి వచ్చింది. అంతే, ఇంకేం రాలేదు.

బాపు కళ్ళు తెరిచి, జనం చప్పట్లు చూసి, లేచాడు. "అరవై. అన్ని పోయినయ్. పోండ్రి" అన్నాడు.

ధర్మా అని, నగేశ్ దగ్గర పదేళ్ళుగా గొట్టాలు ఎక్కించి దించే మనిషి. గొట్టాలున్న తెప్ప దాకా పోవడానికి చేపలవాళ్ళ థర్మాకోల్ తెప్ప ఒకటి ఒడ్డున ఉంది. ధర్మా దాని మీద కాలు పెట్టి గెడ చేతికి తీసుకున్నాడు.

నేను బాపు ముందుకు పోయి నిలబడ్డాను. పున్నమి వెలుగు నా మొహం మీద పడేట్టు నిలబడి, గొంతు పెగల్చకుండా, పెదాలతోనే అన్నాను.

యాభై తొమ్మిది.

ఆయన నా నోటికేసి చూశాడు. తర్వాత నా కళ్ళలోకి చూశాడు. చాలాసేపు చూసినట్టు నాకనిపించింది గానీ అంత ఉండదు, ఎందుకంటే ధర్మా ఇంకా ఒడ్డు విడవలేదు.

"ధర్మా! ఆగు! దిగు కిందికి!" అని అరిచాడు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. "నగేశ్, రెండు లెక్కలు కలుస్తలేవు. రెండు కలువకుంటె తక్కువ లెక్కే లెక్క. అరగంట దాక ఎవ్వడు నీళ్ళల్లకు పోవద్దు."

నగేశ్ గునిశాడు. దీపాలు పట్టుకున్న ఆడవాళ్ళు గునిశారు. బాపు ధర్మా చేతిలోంచి గెడ తీసుకుని, థర్మాకోల్ తెప్ప మీద తనే కూర్చున్నాడు. నేను ఆయనకు ఎదురుగా ఒడ్డు మెట్టు మీద కూర్చున్నాను.

"ఎన్నేండ్ల సంది?" అన్నాను.

"నాలుగేండ్లు."

"అంటే బాయిల ఉండంగనే."

తల ఊపాడు.

"మరి అక్కడెట్ల?"

"గోడకు చెయ్యి ఆనిచ్చేటోన్ని. బొగ్గు మంచిగ చెప్తది. మట్టి కంటె మంచిగ."

"డాక్టరుకు చెప్తే అయిపోవు గద బాపు!"

"బాయిల నుంచి పైకి పంపుతరు. ఆఫీసు ముందట ఊడుసుమంటరు. నేను షాట్‌ఫైరర్‌ను శోభా."

"తిరుపతి నీ షిఫ్టులనే ఉండె."

ఆయన గెడను ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు.

"ఒక్కటి తప్పితే?"

"తప్పలే."

"తప్పలేదని నీకెట్ల తెలుసు?"

"అందరు ఇంటికి వొయిన్రు గద బిడ్డా."

నాకు ఒళ్ళు మండిపోయింది. అందులో మూడేళ్ళు నేను తిరుపతికి టిఫిను డబ్బా కట్టి పంపాను. బాపు ఉన్నాడు, ఏం కాదులే అని ఒక్కరోజు కూడా భయపడకుండా నిద్రపోయాను. మెట్టు ఎక్కి దూరంగా పోయి కూర్చున్నాను. ఈ సంగతి తర్వాత తిరుపతికి బాపే చెప్పుకున్నాడు. తిరుపతి మంచినీళ్ళు తాగి లేచి వచ్చేశాడు. నాలుగు రోజులు ఆ ఇంటి గడప తొక్కలేదు. అయిదో రోజు తనే పోయి ఆయన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

దూరంగా కూర్చున్నాను గానీ కోపం ఎంతోసేపు నిలవలేదు. ధర్మా అక్కడే, కట్ట మీద గొంతుక్కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. కాలు తెప్ప మీద పెట్టిన మనిషి. బాపు నాలుగేళ్ళు దాచాడు, నేను రెండు వారాలు దాచాను. లెక్క ఒకటి అటూ ఇటూ అయి ఉంటే ధర్మా ఇంటికి పోయి నేనేం చెప్పేదాన్ని? ఆ భయం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అరగంటయ్యాక నగేశ్, ధర్మా ఇద్దరూ బకెట్లు పట్టుకుపోయారు. గొట్టాలన్నిటిలో నీళ్ళు పోసి ఒక్కొక్కటే వంచి చూశారు. నాలుగో వరుసలో ఒక గొట్టం దగ్గర ఆగిపోయారు. ధర్మా తడిసి ముద్దయిన గుండును రెండు చేతులా పట్టుకుని తెచ్చాడు. తెచ్చి బాపు ముందు నిలబడ్డాడు.

"కాకా, నీ చెవులకు దండం!" అన్నాడు నగేశ్. కట్టంతా హోరెత్తింది. ఊరి పెద్దమనిషి ఒకాయన ఎవరికో కప్పడానికి తెచ్చిన శాలువా ఉంటే అది విప్పుకుంటూ వచ్చాడు. బాపు చుట్టూ మనుషులు మూగారు. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు, ఆయన ఒక నోటి మీంచి ఇంకో నోటి మీదికి చూపు తిప్పుకుంటున్నాడు. ఏ ఒక్కటీ పూర్తిగా అందలేదని నాకు తెలుస్తోంది. ఊరుకుంటే చాలు. శాలువా భుజాన పడేది, పని శివరాత్రి దాకా నిలిచేది. నేను నోరు విప్పను. అంత భయపడ్డాక కూడా విప్పేదాన్ని కాదు.

బాపు శాలువా పట్టుకున్న చేతిని పక్కకు జరిపాడు.

"నాకు ఇనవడది" అన్నాడు. వినపడనివాళ్ళు మాట్లాడే గొంతుతో, అవసరానికి మించి గట్టిగా. "రెండు చెవులు పోయినయ్. నేను అరవై అని ఉత్తగ జెప్పిన. యాభై తొమ్మిది లెక్క నా బిడ్డది."

ధర్మా చేతుల్లో గుండు అట్లాగే ఉంది. నగేశ్ మొహంలో రంగులు మారాయి. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. బాపును కాసేపు చూసి, తల దించుకుని, ముగింపు కోసం కట్ట కింద నేల మీద బిగించిన పది గొట్టాల వైపు నడిచాడు. ధర్మా అతని వెనకే పోయి తీగలు ముట్టుకోకుండా ఆగి ఏదో అన్నాడు. నగేశ్ వెనక్కి వచ్చాడు. బాపు దగ్గరికి కాదు, నా దగ్గరికి.

"అక్కా, పదున్నయ్. లెక్కవెడ్తవా?"

నేను బాపును చూశాను. ఆయన చెప్పులు వేసుకుంటున్నాడు. నా వైపు చూడలేదు. చెప్పులు వేసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వెనక్కి కట్టుకుని, నీళ్ళకేసి తిరిగి నిలబడ్డాడు.

నేను వీపు తిప్పి కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఒకటి. రెండు. జనం అరుపులు. మూడు, నాలుగు వెంటవెంటనే పోయాయి. అయిదు. నా వెనక బాపు గొంతు, ఎవరితోనో తెలియదు, బహుశా ఎవరితోనూ కాదు.

"ఓర్ని! గింతుంటదా!"

ఆరు.

"శోభా! నీళ్ళల్ల సూడే! కింద సుత కాల్తాంది! శోభా, ఒక్కపారి ఇటు తిరుగే!"

నా కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తిరగలేదు. ఏడు పోయింది, ఇంకా మూడున్నాయి.